టవర్ వ్యాగన్ నమూనాకు ఏ చాసిస్, ఏ మోటారు?

రాయగడ మీదుగా రైలు ప్రయాణం చేసేవారు, యార్డు చివర పక్క లైను మీద ఒంటరిగా నిలబడి ఉండే టవర్ వ్యాగన్‌ను ఎప్పుడో ఒకప్పుడు చూసే ఉంటారు. 25 కిలోవోల్టుల తీగను సరిచూసి మరమ్మతు చేయడానికి కప్పు మీద పైకి లేచి పక్కకు తిరిగే ఒక వేదిక, తీగను కింది నుంచి కనిపెట్టడానికి ఒక అద్దాల గూడు, పై తీగను తాకే మడత చట్రం పాంటోగ్రాఫ్ ఒకటి, వీటన్నిటినీ మోస్తూ సొంత ఇంజనుతో తానే నడిచే బండి అది. ఇంజన్ల నమూనాలు, కోచ్‌ల నమూనాలు ఎలాగో ఒకలా కొనుక్కోవచ్చు గాని, మన లైన్ల మీద తిరిగే ఇటువంటి పని బండి కావాలంటే ముడి రేకు నుంచి మనమే కట్టుకోవాలి. అది తనంతట తాను నడవాలంటే, చేతికి దొరికే నాలుగైదు దారులలో ఏదో ఒకటి ముందే తేల్చుకోవాలి.

ఈ పనిలో నేను చేసిన మొదటి తప్పు, ముందు బాడీ కట్టి తరువాత మోటారుకు చోటు వెతకడం. ఇల్లంతా కట్టేసి మెట్లు ఎక్కడ పెట్టాలా అని తిరిగినట్టయింది. మూడు నెలలు కూర్చుని ప్లాస్టిక్ రేకుతో ఒక ట్యాంపింగ్ మెషీన్ (పట్టాల కింది కంకరను కుదించి బిగించే బండి) కట్టాను. రెండు చివర్లా ఉన్న క్యాబిన్లు తప్ప మధ్య భాగమంతా తెరిచి ఉండే బండి కావడంతో మోటారును ఒక క్యాబిన్‌లో కుక్కి, ఇరుసు దాకా రబ్బరు బ్యాండుతో శక్తిని అందించాను. మాఘమాసంలో చక్కగా నడిచింది. మే నెలలో ఒక మధ్యాహ్నం పెట్టె తెరిచి చూసేసరికి బ్యాండు మెత్తబడి, మైనంలా ఇరుసుకు అంటుకుపోయి ఉంది. అప్పటి నుంచి నేను పాటిస్తున్న నియమం ఒక్కటే. మనకు దొరికేది, పాడైతే మన ఊళ్లోనే విప్పి బాగుచేసుకోగలిగేది అయిన చాసిస్‌ను, అంటే చక్రాలూ మోటారూ ఉండే కింది చట్రాన్ని, ముందు ఎంచుకోవాలి, ఆ తరువాతే దాని మీద ఏ బండి కూర్చుంటుందో చూడాలి. కింద చెప్పేదంతా ఆ దృష్టితో చేసిన పోలిక.

ఏ బండి

పని బండ్లలో అన్నిటికన్నా ముచ్చటైనది పుష్ ట్రాలీ. ఇద్దరు మనుషులు పట్టాల మీద పాదం తప్పకుండా పరుగెత్తుతూ తోస్తుంటే, బల్ల మీద ఇన్‌స్పెక్టరు గొడుగు కింద కూర్చుని ట్రాక్‌ను చూసుకుంటూ పోయే ఆ దృశ్యం మన ప్రాంతంలో చిన్నప్పుడు చూసినవారెవరూ మరిచిపోరు. అయితే నమూనాలో దానికి ఒక చదునైన పలక, నాలుగు చక్రాలు తప్ప మోటారును దాచే చోటు వేలెడంత కూడా ఉండదు. ట్రాక్ కింద దారానికి కట్టిన అయస్కాంతంతో దానిని లాగించవచ్చు, కాని అది తిన్నని చిన్న దారికే పనికి వస్తుంది. దానిని నిలబెట్టి చూపే వస్తువుగా ఉంచుకోవడమే మేలని నా అభిప్రాయం.

ట్యాంపింగ్ మెషీన్ చూడడానికి గొప్పగా ఉంటుంది, కట్టడానికి మాత్రం మూడింతల శ్రమ పెడుతుంది. నిజమైన యంత్రాలు ఫరీదాబాద్‌లోని ప్లాసర్ ఇండియా నుంచి వస్తాయి. ఆ కుటుంబపు యూరపు యంత్రాలకు కిబ్రీ కంపెనీ ప్లాస్టిక్ కిట్లు అమ్మింది, వీస్మన్ అనే జర్మన్ కంపెనీ నడిచే నమూనానే తయారు చేసింది. రూపం మీదే మనసు ఉన్నవారు కిట్టు తెచ్చుకుని రంగు, రాతలు మార్చుకోవడం తెలివైన పని. మొదటిసారి స్వయంగా కట్టేవారు మాత్రం దీని జోలికి పోకూడదని ఘోరంగా దెబ్బతిన్నవాడిగా చెబుతున్నాను.

ఇక మిగిలినవి నాలుగు చక్రాల టవర్ వ్యాగన్, ఎనిమిది చక్రాల టవర్ కార్. ఈ రెంటికీ మూసి ఉన్న పెట్టెలాంటి బాడీ ఉంటుంది, కిటికీల కింద దాచడానికి చోటు ఉంటుంది, మెల్లగా నడిస్తేనే అందంగా ఉంటుంది. మొదటి ప్రయత్నానికి నాలుగు చక్రాలదే నా ఎంపిక. కారణం అది సులువు అని కాదు. నిజానికి దానికి కరెంటు అందించడం ఎనిమిది చక్రాల దానికన్నా కష్టం. అయినా చిన్నది కాబట్టి పాడైనా మళ్లీ మొదలుపెట్టడానికి మనసు వస్తుంది.

ఏ నిష్పత్తి

ఇక్కడ మన బ్రాడ్ గేజ్ ఒక చిక్కు తెచ్చిపెడుతుంది. మన పట్టాల మధ్య దూరం 1676 మిల్లీమీటర్లు. నమూనా రైళ్లలో అందరికీ దొరికే హెచ్‌ఓ అనే రకం ట్రాక్ వెడల్పు 16.5 మిల్లీమీటర్లు. 1:87 నిష్పత్తిలో, అంటే అసలు కొలతలో 87వ వంతులో, అది సూచించేది యూరపు, అమెరికా వారి 1435 మిల్లీమీటర్ల గేజ్‌ను. అదే నిష్పత్తిలో మన ట్రాక్ కావాలంటే దాదాపు 19.3 మిల్లీమీటర్లు ఉండాలి, దానిని చేత్తోనే పరుచుకోవాలి. లేదా 16.5 మీదే నడిపి, ముందు నుంచి చూసినప్పుడు బండి సన్నని కాళ్ల మీద నిలబడ్డట్టు కనిపిస్తే సరిపెట్టుకోవాలి. చాలామంది రెండోదే చేస్తారు, అందులో తప్పు లేదు.

అన్నీ సొంతంగా కట్టేవారికి మూడో దారి ఒకటి ఉంది. నిష్పత్తిని 1:100కు మార్చుకుంటే, 16.5 మిల్లీమీటర్ల ట్రాక్ 1650 మిల్లీమీటర్లకు సమానమవుతుంది. మన గేజ్‌కు 26 మిల్లీమీటర్లే తేడా, కంటికి ఆనదు. భవనాల నమూనాలు చేసే ఆర్కిటెక్టులు వాడే మనుషుల బొమ్మలు, చెట్లు 1:100లోనే ఆన్‌లైన్లో సులభంగా దొరుకుతాయి. కొలతలను 100తో భాగించడం ఎంత హాయిగా ఉంటుందో, 87తో రాత్రి పదింటికి కుస్తీ పట్టినవారికే తెలుస్తుంది. ఇబ్బంది ఏమిటంటే, ఇప్పటికే 1:87 కోచ్‌లు, ఇంజన్లు ఉన్నవారికి పక్కన నిలబెట్టినప్పుడు ఈ బండి చిన్నదిగా కనబడుతుంది. కొత్తగా మొదలుపెట్టేవారు 1:100ను, సరంజామా ఇప్పటికే ఉన్నవారు 1:87ను ఎంచుకోవాలి.

నారో గేజ్ మీద ప్రేమ ఉన్నవారికి లెక్క పూర్తిగా వేరు. నౌపడ నుంచి పర్లాకిమిడి మీదుగా గుణుపురం వెళ్లిన పర్లాకిమిడి లైట్ రైల్వే 1900లో మొదలైంది, దాని గేజ్ రెండడుగుల ఆరంగుళాలు, అంటే 762 మిల్లీమీటర్లు. 2004లో నారో గేజ్ రైళ్లు ఆగిపోయి, ఆ దారి బ్రాడ్ గేజ్‌గా మారింది. 762ను 87తో భాగిస్తే 8.76 వస్తుంది, హెచ్‌ఓ కన్నా చిన్న రకంగా బజారులో దొరికే ఎన్ ట్రాక్ 9 మిల్లీమీటర్లు. అంటే మన చిన్న రైలును 1:87లో కట్టడానికి ట్రాక్ తయారుగా ఉన్నట్టే. బ్రిటిష్ వారు ఎక్కువగా వాడే 1:76 నిష్పత్తిలో అదే 9 మిల్లీమీటర్ల ట్రాక్ 684 మిల్లీమీటర్లు అవుతుంది కాబట్టి, మన లైనుకు 1:87 మరింత దగ్గర. బ్రాడ్ గేజ్ కన్నా నారో గేజ్‌కే ఖచ్చితమైన నమూనా సులభంగా కుదరడం మన జిల్లాల వారికి దక్కిన అదృష్టం.

చక్రాలకు శక్తి

అసలు ఎంపిక ఇక్కడే ఉంది. తయారుగా దొరికే మోటారు బోగీని (ఇక్కడ బోగీ అంటే పెట్టె కాదు, దాని కింది చక్రాల చట్రం) తెచ్చుకోవడం, పాత ఇంజను చాసిస్‌ను విప్పి వాడుకోవడం, గేర్‌బాక్సుతో కలిసి వచ్చే చిన్న ఎన్20 మోటారును అమర్చుకోవడం, వార్మ్ గేర్‌తో (స్క్రూ మరలాంటి గేర్) చాసిస్‌ను మొదటి నుంచి మనమే కట్టుకోవడం అని నాలుగు పద్ధతులు. ఐదోది ఒకటి ఉంది గాని, దాని సంగతి చివర చెబుతాను.

తయారు బోగీలలో పేరు మోసినది జపాన్‌కు చెందిన టెన్షోడో కంపెనీది. చిన్న సబ్బు ముక్కంత ఉండి, మోటారు, గేర్లు, నాలుగు చక్రాలు అన్నీ తనలోనే ఇముడ్చుకుంటుంది. ఇరుసుల మధ్య దూరం 24.5 నుంచి 35 మిల్లీమీటర్ల వరకు వేర్వేరు రకాలున్నాయి, చక్రం వ్యాసం 10.5 మిల్లీమీటర్లు. ఇక్కడ ఒక మంచి పొంతన కుదురుతుంది. చెన్నై కోచ్ ఫ్యాక్టరీ ఐసీఎఫ్ తయారు చేసిన మన కోచ్‌ల బోగీలో ఇరుసుల మధ్య దూరం 2896 మిల్లీమీటర్లు, చక్రం వ్యాసం 915. వీటిని 87తో భాగిస్తే 33.3, 10.5 వస్తాయి. అందువల్ల ఐసీఎఫ్ తరహా బోగీలున్న ఎనిమిది చక్రాల టవర్ కార్‌ను 1:87లో కట్టేవారికి 35 మిల్లీమీటర్ల రకం దాదాపు కొలతపెట్టి చేసినట్టు సరిపోతుంది. ఒక బోగీకి మోటారు, రెండోది ఉత్తది. అంతటితో చాసిస్ పని సగం ముగిసినట్టే.

నాలుగు చక్రాల బండికి మాత్రం అదే బోగీ అరుదుగా నప్పుతుంది. 35ను 87తో గుణిస్తే మూడు మీటర్ల చిల్లర. మీరు ఎంచుకున్న బండి ఇరుసుల మధ్య దూరం అంతకన్నా ఎక్కువైతే చక్రాలన్నీ బండి మధ్యకు దగ్గరగా వచ్చి, పొట్ట కింద కాళ్లు ముడుచుకున్న మేకలా కనబడుతుంది. వీటిని విదేశాల నుంచి తెప్పించుకోవాలి, కస్టమ్స్ సుంకం కట్టాలి, ధర వేలల్లో ఉంటుంది, ఒక గేర్ పన్ను విరిగితే మళ్లీ అదే దారిలో నెలలు ఎదురుచూడాలి. ఒక్కసారి కొని పదేళ్లు జాగ్రత్తగా వాడుకునే స్వభావం ఉన్నవారికి ఇది మంచిది, విప్పి చూడకుండా ఉండలేని నాలాంటివారికి కాదు. 9 మిల్లీమీటర్ల నారో గేజ్ బండికి మాత్రం నేను ఇంకో మాట ఆలోచించను. కాటో వంటి జపాన్ కంపెనీల చిన్న చాసిస్‌నే తీసుకోమంటాను, ఎందుకంటే ఆ ఇరుకు చోటులో ఇంటి పనిముట్లతో గేర్లు అమర్చడం కళ్లకు, ఓపికకు రెండింటికీ పరీక్ష. వీస్మన్ కంపెనీ మోటారు బిగించిన చదునైన హెచ్‌ఓ వ్యాగన్‌ను కూడా అమ్మింది. అటువంటిది దొరికితే దాని మీద నేరుగా బాడీ కట్టుకోవచ్చు.

పాత ఇంజను చాసిస్ చవకగా వస్తుంది, అందులో మోటారు కూడా బలంగా ఉంటుంది. అయితే దాని ఇరుసుల దూరం, ఎత్తు మన చేతిలో ఉండవు, బండిని దానికి తగ్గట్టు సాగదీయవలసి వస్తుంది. వేగం కూడా మెయిలు ఇంజనుదే. పని బండి పాకుతూ పోవాలి గాని పరుగెత్తకూడదు.

ఇప్పుడు ఎన్20. రోబోట్ బొమ్మలు చేసే పిల్లలకు ఇది బాగా తెలుసు. వెడల్పు 12, ఎత్తు 10, గేర్‌బాక్సుతో కలిపి పొడవు సుమారు 24 మిల్లీమీటర్లు, ముందు 3 మిల్లీమీటర్ల షాఫ్ట్ పొడుచుకు వస్తుంది. ధర రెండు మూడు వందల రూపాయలు. రాయగడకైనా గుణుపురానికైనా కొరియర్‌లో వారం రోజుల్లో చేరుతుంది. నేను మొదట దీనిని బండికి అడ్డంగా పెట్టాలని చూశాను. మన బండ్ల వెడల్పు 3250 మిల్లీమీటర్లు అనుకుంటే 1:87లో అది 37, కాబట్టి 24 మిల్లీమీటర్ల మోటారు హాయిగా పట్టాలి. పట్టింది కూడా. కాని షాఫ్ట్ మీది గేర్ సరిగ్గా చక్రం నెత్తి మీదికి వచ్చింది, ఇరుసు మీది గేర్ ఉండవలసినదేమో రెండు చక్రాల మధ్య. మధ్యలో మరో ఇరుసు వేసి కదలికను లోపలికి తీసుకురావాలి, అంటే రెండింతల పని.

రెండోసారి మోటారును పొడవుగా పెట్టి చూశాను. హెచ్‌ఓ చక్రాల లోపలి అంచుల మధ్య దూరం సుమారు 14.5 మిల్లీమీటర్లు, మోటారు వెడల్పు 12. అటూ ఇటూ మిల్లీమీటరు పైచిలుకు ఖాళీతో చక్రాల మధ్య దూరిపోయింది. ఇక మిగిలింది ఎత్తు. 10.5 మిల్లీమీటర్ల చక్రానికి ఇరుసు పట్టా మీద నుంచి 5.25 ఎత్తులో ఉంటుంది, మోటారును అదే ఎత్తులో పడుకోబెడితే దాని కడుపు పట్టాకు పావు మిల్లీమీటరు దూరంలోకి దిగి, మొదటి పాయింట్ల (పట్టాలు చీలే చోటు) దగ్గరే తగులుకుంటుంది. కాబట్టి షాఫ్ట్ ఇరుసు వైపు వంగేలా, తోక పైకి లేచేలా 20 డిగ్రీలు ఏటవాలుగా పెట్టాలి. అప్పుడు కింద రెండు మిల్లీమీటర్లకు పైగా ఖాళీ వస్తుంది, పైకి లేచిన తోక కిటికీల అంచు కిందే ఆగిపోతుంది. షాఫ్ట్ నుంచి ఇరుసుకు కదలికను అందించడానికి, బొమ్మల గేర్ల పాకెట్లలో వచ్చే కిరీటం ఆకారపు ప్లాస్టిక్ గేర్ సరిపోతుంది. దాని వ్యాసం 9 మిల్లీమీటర్లు దాటకూడదన్నది ఒక్కటే షరతు, లేకపోతే అది పట్టా మట్టానికి మరీ దగ్గరగా దిగి పాయింట్ల దగ్గర తగులుకుంటుంది.

వేగం లెక్క కూడా దీనికి అనుకూలంగా ఉంది. 10.5 వ్యాసమున్న చక్రం ఒక చుట్టుకు 33 మిల్లీమీటర్లు నడుస్తుంది. 12 వోల్టుల దగ్గర నిమిషానికి 300 చుట్లు తిరిగే ఎన్20ను సమాన పళ్ల గేర్లతో కలిపితే బండి సెకనుకు 165 మిల్లీమీటర్లు పోతుంది, 1:87లో అది గంటకు సుమారు 52 కిలోమీటర్లకు సమానం. తీగ పనికి పోయే బండికి అంతకన్నా ఏమి కావాలి? ఇదే మోటారులో 1000 చుట్ల రకం, అంతకు మించినవి కూడా అమ్ముతారు. తొందరపడి అది తెస్తే టవర్ వ్యాగన్ కాస్తా వందే భారత్ అవుతుంది. లోపాలూ చెప్పాలి. ఎన్20 గేర్లు లోహపువి కాబట్టి కీచుమంటాయి, నిశ్శబ్దం కోరేవారికి నచ్చదు. చేత్తో బండిని పట్టాల మీద బలంగా తోస్తే లోపలి చివరి గేర్ పన్ను ఎగిరిపోవచ్చు. మా ఇంటి పిల్లల చేతిలో ఒకటి అలాగే పోయింది, కాని కొత్తది తెచ్చి బిగించడానికి ఒక సాయంత్రమే పట్టింది. ఆ ఒక్క సౌకర్యం దాని లోపాలన్నిటినీ కప్పేస్తుందని నేను భావిస్తాను.

వార్మ్ గేర్‌తో సొంత చాసిస్ కట్టడం ఈ నాలుగింటిలో అత్యంత నాజూకైన పని. ఫలితం కూడా అంత నాజూకుగానే ఉంటుంది. నిమిషానికి 12,000 చుట్లు తిరిగే చిన్న మోటారుకు 1:30 వార్మ్ జోడిస్తే చక్రం 400 చుట్లు తిరుగుతుంది, అది 69 కిలోమీటర్ల వేగానికి సమానం. 1:20 వార్మ్ అయితే 103 దాటిపోతుంది. కాబట్టి పని బండికి 30కి తక్కువ తీసుకోకూడదు. వార్మ్ ఉన్న బండిని చేత్తో తోస్తే చక్రాలు తిరగవు, జారతాయి. ఇందులో కీలకం ఇరుసు రంధ్రాలు. రెండు పక్కల ఇత్తడి రేకుల్లోని రంధ్రాలు వెంట్రుక వాసి తేడా వచ్చినా ఇరుసులు సమాంతరంగా ఉండవు, బండి పీతలా పక్కకు నడుస్తుంది.

ఆ రంధ్రాల కోసం నేను పర్లాకిమిడిలో ఒక స్వర్ణకారుని దగ్గరికి వెళ్లాను. ఆయన భూతద్దం పెట్టుకుని నా కాగితం మీది బొమ్మను తిప్పి తిప్పి చూసి, "ఏటి మాస్టారూ ఇది, గడియారమా?" అన్నాడు. రైలుబండి అన్నాక నవ్వి, నేను విడివిడిగా ఇచ్చిన రెండు రేకులనూ ఒకదాని మీద ఒకటి పెట్టి, వెలిగారం రాసి, నాలుగు మూలలా చుక్కంత టంకం పెట్టి ఒకే రేకుగా అతికాడు. తరువాత రెండింటినీ కలిపి ఒకేసారి తొలిచి, అంచులు ఆకురాయితో సరిచేసి, మళ్లీ వేడి చేసి విడదీశాడు. "రెండు చెవులకీ కన్నాలు ఒక్కలాగే ఉండాలి కదేటి," అన్నది ఆయన చెప్పిన ఏకైక వివరణ. విదేశీ నమూనాకారులు ఎంతో శ్రద్ధగా నేర్పే పద్ధతి అది, ఆయనకు ఎవరూ చెప్పనక్కరలేకపోయింది. మీ ఊళ్లో అటువంటి చేయి అందుబాటులో ఉంటే వార్మ్ దారి ధైర్యంగా పట్టండి. లేకపోతే ఎన్20తో ఉండిపోండి.

చివర చెబుతానన్న ఐదో పద్ధతి, టవర్ వ్యాగన్‌లో అసలు మోటారే పెట్టకపోవడం. దాని వెనుక శాశ్వతంగా తగిలించిన ఒక సామాను వ్యాగన్‌లో మోటారు పెట్టి, మీద టార్పాలిన్ కప్పి, అదే ముందున్న బండిని తోసేలా చేయడం. అద్దాల గూడు, క్యాబిన్, లోపలి మనుషులు అన్నీ ఖాళీగా, అందంగా కట్టుకోవాలనే వారికి ఇది చాలా గౌరవప్రదమైన మోసం.

ట్రాక్ కరెంటా, బ్యాటరీయా

నాలుగు చక్రాల బండికి అన్నిటికన్నా పెద్ద శత్రువు కరెంటు తెగడం. బిగుసుకుపోయిన చట్రంలో నాలుగు చక్రాలుంటే, కుంటి బల్ల నేల మీద నిలబడ్డట్టు ఎప్పుడూ మూడే పట్టాకు ఆనుతాయి. అందులో ఒకటి పాయింట్ల దగ్గర ప్లాస్టిక్ ఫ్రాగ్ (రెండు పట్టాలు ఒకదానినొకటి దాటే ముక్క) మీదికి వచ్చిందంటే బండి ఆగిపోతుంది. దీనికి పాత విరుగుడు ఒక ఇరుసును గట్టిగా ఉంచి, రెండో ఇరుసును మధ్యలో ఒక్క బిందువు మీద ఊగేలా కట్టడం. అప్పుడు మూడు కాళ్ల పీటలా బండి ఎప్పుడూ నిలకడగా నాలుగు చక్రాల మీదా ఉంటుంది. దీనితో పాటు వెనుక ఒక వ్యాగన్ తగిలించి, దాని చక్రాల నుంచి కూడా సన్నని తీగతో కరెంటు తీసుకుంటే సమస్య దాదాపు తీరిపోతుంది. డీసీసీ (పట్టాల ద్వారానే ఒక్కో బండికి విడిగా ఆదేశాలు పంపే డిజిటల్ పద్ధతి) వాడేవారు, ఆ ఆదేశాలను అందుకునే డీకోడర్‌కు కరెంటు తెగిన క్షణంలో ఆదుకునే ఒక కెపాసిటర్ ఆధారం కూడా పెట్టుకోవాలి, చోటు ఉంటే.

అయితే మన వానాకాలాన్ని లెక్కలోకి తీసుకోవాలి. ఆషాఢం నుంచి ఆశ్వయుజం దాకా గాలిలోని చెమ్మ పట్టాల మీద పొరలా కూర్చుంటుంది. ఇత్తడి పట్టాలైతే మరీ తొందరగా మసిబారుతాయి, నికెల్ సిల్వర్ కొంత మేలు. వారానికి ఒకసారి పట్టాలు తుడవడం ఇష్టమైన వ్యాపకం అయితే సరే. నా మటుకు నేను ఇప్పుడు బ్యాటరీ వైపు తిరిగిపోయాను. 6 వోల్టుల దగ్గర 300 చుట్లు తిరిగే ఎన్20ను ఒకే ఒక 3.7 వోల్టుల లిథియం సెల్‌తో నేరుగా నడిపితే సుమారు 185 చుట్లు తిరుగుతుంది, అంటే 1:87లో గంటకు 32 కిలోమీటర్ల వేగం. మధ్యలో వోల్టేజి పెంచే సర్క్యూట్ కూడా అక్కరలేదు. పని బండి వేగం తక్కువ కావడం ఇక్కడ వరంగా మారింది.

బ్యాటరీ ఎంచుకునేవారికి ఒక్క హెచ్చరిక. అందరూ వాడే టీపీ4056 చార్జింగ్ బోర్డు పుట్టుకతో ఒక ఆంపియరు పంపేలా వస్తుంది. 150 మిల్లీఆంపియర్ అవర్ల చిన్న సెల్‌కు అది ప్రమాదం, సెల్ ఉబ్బుతుంది, వేడెక్కుతుంది, నిప్పంటుకోనూ వచ్చు. బోర్డు మీది 1.2 కిలోఓముల నిరోధకాన్ని తీసి 10 కిలోఓములది పెడితే చార్జింగ్ 130 మిల్లీఆంపియర్లకు తగ్గుతుంది. టంకం పట్టడం రానివారు ఈ పనిని మొబైల్ రిపేరు షాపులో చేయించుకోవాలి గాని, అలాగే వాడకూడదు.

బాడీ, బరువు

బాడీ విషయంలో పోలిక క్లుప్తంగానే సరిపోతుంది. స్టైరిన్ ప్లాస్టిక్ రేకు కోయడం, అతకడం సులువు, తప్పు చేస్తే దిద్దుకోవచ్చు, మొదటి బండికి అదే సరైనది. ఇత్తడి రేకు గట్టిది, బరువు కూడా తనే ఇస్తుంది, కాని టంకం చేయి కుదరాలి. త్రీడీ ప్రింటింగ్ చేయించుకునేవారు పీఎల్ఏ ప్లాస్టిక్ 60 డిగ్రీల దగ్గర మెత్తబడుతుందని గుర్తుంచుకోవాలి. మే నెలలో మూసి ఉంచిన కారులో దానిని వదిలితే టవర్ వంగి నమస్కారం చేస్తుంది. అట్ట, ఆర్ట్ పేపరు చవక, చక్కగా ఉంటాయి, కాని వార్నిష్ బాగా పట్టించకపోతే మొదటి వానకే అంచులు ఉబ్బుతాయి. సైన్‌బోర్డు షాపుల్లో మిగిలే సన్‌బోర్డు ముక్కలు గోడలకు కాక లోపలి ఆధారాలకు వాడుకోవచ్చు.

బరువు లేని బండికి ఎంత మంచి మోటారు పెట్టినా చక్రాలు జారుతూనే ఉంటాయి. అమెరికాలోని జాతీయ నమూనా రైల్వే సంఘం హెచ్‌ఓ వ్యాగన్లకు ఒక ఔన్సుతో మొదలుపెట్టి, పొడవులో ప్రతి అంగుళానికి అర ఔన్సు చొప్పున కలపమని సూచిస్తుంది. ఐదు అంగుళాల బండికి ఆ లెక్కన దాదాపు 100 గ్రాములు. నేను బరంపురం వైపు చేపల వలలకు కట్టే సీసపు గుళ్లను సుత్తితో చదును చేసి, మోటారు నడిపే ఇరుసుకు సాధ్యమైనంత దగ్గరగా, నేల కింద అతికిస్తాను. సీసం ముట్టుకున్న తరువాత చేతులు సబ్బుతో కడుక్కోవాలి, అది ఉన్న బండిని చిన్న పిల్లలకు ఆడుకోవడానికి ఇవ్వకూడదు.

ఏ దారి ఎంచుకున్నా బాడీ తొడగక ముందు ఉత్త చాసిస్‌కు ఆ సీసాన్ని తాత్కాలికంగా తాడుతో కట్టి, పాయింట్లు, వంపు, చిన్న ఎత్తు మూడూ ఉన్న దారి మీద కనీసం రెండు గంటలు ఇటూ అటూ నడపండి. గేర్ల చప్పుడు మొదటి అరగంటలో తగ్గుతూ పోతే అది సర్దుకుంటోందని అర్థం, పెరుగుతూ పోతే ఎక్కడో ఇరుసు వంగిందని. కొత్త మోటారు కాస్త వెచ్చబడడం సహజం, కాని వేలు పెట్టలేనంత వేడెక్కితే గేర్లు మరీ దగ్గరగా బిగుసుకున్నాయి. ఒక మూల స్క్రూను పావు చుట్టు వదులు చేసి మళ్లీ మొదటి నుంచి నడపండి. బాడీకి రంగు వేసే పని ఆ తరువాతి వారానిది.